పనిచేసేది ఒక చోట, జీతం ఇంకో చోట: మొదటి ఐటీ కాంట్రాక్టు ఉద్యోగంలో ఏ ఆఫర్ తీసుకోవాలి?

జూన్ వచ్చిందంటే నాకు ఫోన్లు మొదలవుతాయి. రాజాం నుంచి, టెక్కలి నుంచి, ఎచ్చెర్ల నుంచి, చింతలవలస నుంచి. "అక్కా, ఒక ఆఫర్ వచ్చింది. కంపెనీ పేరు ఎప్పుడూ వినలేదు. పని మాత్రం పెద్ద కంపెనీ ఆఫీసులోనే అంటున్నారు. సోమవారంలోగా చెప్పాలంట. చేరిపోనా?" పక్క నుంచి వాళ్ల అమ్మగారి గొంతు కూడా వినిపిస్తుంది, జీతం ఎంతో చెప్పమని.

ఫోన్లో పది నిమిషాల్లో చెప్పడం కుదరక ఇక్కడ వివరంగా రాస్తున్నాను. నాది చీపురుపల్లి దగ్గర ఒక పల్లె. మొదటి మూడేళ్లు నేను చేసింది అలాంటి ఉద్యోగమే. ఆ జీతంతోనే మా తమ్ముడి డిప్లొమా పూర్తయింది, కాబట్టి కాంట్రాక్టు ఉద్యోగమంటే నాకు చిన్నచూపు లేదు. నా బాధల్లా ఏ కాగితం మీద సంతకం పెడుతున్నానో అప్పుడు నాకు చెప్పినవాళ్లు లేకపోవడం.

అసలు ఈ కాంట్రాక్టు ఎలా నడుస్తుంది

మన ఊళ్ల నుంచి మేస్త్రి వెంట బ్యాచ్‌గా హైదరాబాదు, చెన్నై భవనాల పనికి వెళ్లడం మనకు కొత్త కాదు. బిల్డరు డబ్బు మేస్త్రికి ఇస్తాడు, మేస్త్రి తన వాటా తీసుకుని కూలీ ఇస్తాడు. ఐటీ కాంట్రాక్టు కూడా అంతే. పని ఉన్న కంపెనీని క్లయింట్ అంటారు. మనుషుల్ని పంపే కంపెనీ వెండర్. మీ మీద క్లయింట్ నెలకు ఇంత అని వెండర్‌కు బిల్లు కడుతుంది, అందులోంచి వెండర్ తన మార్జిన్ ఉంచుకుని మీకు జీతం వేస్తుంది. ఒక్కోసారి మధ్యలో ఇంకో వెండర్ కూడా ఉంటాడు. అప్పుడు మీ జీతంలో రెండు చేతుల వాటా పోతుంది, జీతం లేటైతే ఒకరి మీద ఒకరు చెప్పుకుంటారు.

టీమ్‌లీజ్, క్వెస్, రాండ్‌స్టాడ్, అడెకో లాంటివి ఇలా మనుషుల్ని పంపే పెద్ద స్టాఫింగ్ కంపెనీలు. ఇవి దాచుకుని చేసే వ్యాపారాలు కావు, అందరికీ తెలిసినవే. వీటి కింద చిన్న చిన్న కన్సల్టెన్సీలు వందల్లో ఉన్నాయి. మన పిల్లలు ఇబ్బంది పడేది ఎక్కువగా అక్కడే.

ఏవి చూడాలి

ప్యాకేజీ ఎంత, కంపెనీ పేరేంటి అని మాత్రమే చూసి నిర్ణయం తీసుకునేవాళ్లే ఎక్కువ. నేనైతే ఈ వరసలో చూడమంటాను.

మొదటిది, జీతం ఎవరు వేస్తారు, చేతికి ఎంత వస్తుంది. రెండోది, ప్రాజెక్టు ఆగిపోతే జీతం వస్తుందా. మూడోది, పొద్దున్నుంచి సాయంత్రం దాకా మీరు చేసే పని ఏంటి. నాలుగోది, వదిలి వెళ్లేటప్పుడు వాళ్లు మీకు ఏం ఇవ్వాలి, మీ దగ్గర ఏం అడుగుతారు. ఐదోది, ఎక్కడ ఉండాలి, అక్కడ నెల ఖర్చెంత.

ఈ ఐదింటి కన్నా ముందు మీ ఇంట్లో కూర్చుని మాట్లాడుకోవాల్సిన ప్రశ్న ఒకటుంది. నా జీతం లేకుండా ఇల్లు ఎన్ని నెలలు ఆగగలదు? ఆరు నెలలు అంటే మీ దారి ఒకటి, ఒక్క నెల కూడా కాదంటే దారి ఇంకొకటి. ఈ లెక్క వేసుకోకుండా స్నేహితుడు ఏది తీసుకుంటే అదే తీసుకున్నవాళ్లు తర్వాత ఇబ్బంది పడటం చాలాసార్లు చూశాను.

| చూడాల్సింది | పెద్ద కంపెనీ సొంత రోల్స్ (నేరుగా దాని ఉద్యోగి) | స్టాఫింగ్ కంపెనీ పేరోల్ | విశాఖలో చిన్న కంపెనీ | జిల్లాలో ప్రభుత్వ అవుట్‌సోర్సింగ్ |
|---|---|---|---|---|
| చేరడానికి పట్టే సమయం | నెలలు, ఒక్కోసారి ఏడాది పైన | సాధారణంగా కొన్ని వారాలు | వారం, పది రోజులు | ఖాళీ పడినప్పుడే |
| పని ఆగితే జీతం | కొంతకాలం వస్తుంది | కాగితంలో రాసి ఉంటేనే | యజమాని పరిస్థితిని బట్టి | కాంట్రాక్టు పొడిగింపును బట్టి |
| నేర్చుకునేది | ట్రైనింగ్ బాగుంటుంది, ప్రాజెక్టు మన చేతిలో లేదు | ఒకటే రకం పని, కానీ అసలు సిస్టమ్ మీద | అన్నీ కొంచెం కొంచెం | తక్కువ |
| పీఎఫ్ (భవిష్య నిధి) | ఉంటుంది | ఉండాలి, అడిగి చూసుకోవాలి | 20 మంది లోపు సంస్థ అయితే ఉండకపోవచ్చు | ఉంటుంది |
| ఇంటికి దూరం | ఎక్కువ | ఎక్కువ | విజయనగరం వాళ్లకు రోజూ వెళ్లి రావచ్చు | ఇంటి దగ్గరే |

2 లక్షల 40 వేల ప్యాకేజీలో చేతికొచ్చేదెంత

ఆఫర్ లెటర్‌లో సీటీసీ (మీ మీద కంపెనీ పెట్టే మొత్తం ఖర్చు) అని ఒక అంకె ఉంటుంది. దాన్ని 12తో భాగించి ఇంట్లో చెప్పేస్తారు. అది తప్పు. 2,40,000 సీటీసీ అంటే నెలకు 20,000. అందులో బేసిక్ 10,000 అనుకుందాం. కంపెనీ కట్టాల్సిన పీఎఫ్ బేసిక్‌లో 12 శాతం, అంటే 1,200. దాన్ని చాలా కంపెనీలు మీ సీటీసీలోంచే చూపిస్తాయి. గ్రాట్యుటీ (ఉద్యోగం వదిలేటప్పుడు ఇచ్చే మొత్తం) పేరుతో 481 పక్కన పెడతాయి. నెల జీతం 21,000 లోపు కాబట్టి ఈఎస్‌ఐ (ఉద్యోగుల వైద్య బీమా) వర్తిస్తుంది. కంపెనీ వాటా 3.25 శాతం, అదీ ఇందులోంచే. ఇవన్నీ పోతే స్లిప్ మీద గ్రాస్ సుమారు 17,740 కనిపిస్తుంది. దాంట్లోంచి మీ వాటా పీఎఫ్ ఇంకో 1,200, ఈఎస్‌ఐ 0.75 శాతం అంటే సుమారు 134, ప్రొఫెషనల్ ట్యాక్స్ 150 పోతాయి. బ్యాంకులో పడేది 16,250 చిల్లర.

పీఎఫ్ పోయిన డబ్బు కాదు. నెలకు 2,400 మీ పేరు మీద జమవుతోంది. ఈఎస్‌ఐ ఉంటే ఇంట్లో అమ్మానాన్నలు మీ మీద ఆధారపడినవాళ్లైతే వాళ్లకూ వైద్యం దొరుకుతుంది. కాబట్టి పీఎఫ్, ఈఎస్‌ఐ కోసే 16 వేల ఉద్యోగాన్ని, ఏమీ కోయని 18 వేల ఉద్యోగాన్ని పక్కపక్కన పెట్టి రెండోదే మేలు అనుకోకండి.

ఇంకో రకం ఉంది. "మీకు ఏ కటింగూ ఉండదు, 10 శాతం టీడీఎస్ (ముందే కోసే పన్ను) ఒక్కటే" అని హెచ్‌ఆర్ తియ్యగా చెబుతారు. అంటే మిమ్మల్ని ఉద్యోగిగా కాక కన్సల్టెంట్‌గా రాసుకుంటున్నారని అర్థం. పీఎఫ్ లేదు, ఈఎస్‌ఐ లేదు, రేపు వేరే కంపెనీలో అనుభవం చూపించాలంటే సర్వీస్ రికార్డు కూడా ఉండదు. ఆ టీడీఎస్ రిటర్న్ వేస్తే వెనక్కి వస్తుంది కానీ పోయిన ఏడాది అనుభవం రాదు. ఫ్రెషర్‌కు ఇది మంచి ఏర్పాటు కాదని నా గట్టి అభిప్రాయం.

ఒకటి: పెద్ద సర్వీస్ కంపెనీ, సొంత రోల్స్ మీద

అందరికీ తెలిసిన దారి కాబట్టి తొందరగా చెప్పేస్తాను. కాలేజీ డ్రైవ్ లేదా టీసీఎస్ ఎన్‌క్యూటీ లాంటి పరీక్ష, ఇంటర్వ్యూ, మొదటి జీతం సంవత్సరానికి సుమారు మూడున్నర లక్షల దగ్గర. ట్రైనింగ్ బాగుంటుంది. ప్రాజెక్టు లేకపోయినా బెంచ్ మీద జీతం వస్తుంది. ఇదే దీని అసలు విలువ.

దీనికీ హద్దులున్నాయి. 2025 జూన్‌లో టీసీఎస్ పెట్టిన నియమం ప్రకారం ఉద్యోగి ఏడాదిలో కనీసం 225 రోజులు బిల్లింగ్ ప్రాజెక్టులో ఉండాలి, బెంచ్ 35 రోజులు మించకూడదు. పేరు పెద్దదైతే జీవితాంతం నిశ్చింత అనుకునే రోజులు పోయాయి. రెండో ఇబ్బంది జాయినింగ్. 2022లో ఆఫర్ తీసుకున్నవాళ్లలో కొందరు దాదాపు రెండేళ్లు మెయిల్ కోసం ఎదురుచూశారు. మా పక్క ఊరి అమ్మాయి ఒకతె అలా చూస్తూ చూస్తూ వచ్చిన రెండు చిన్న ఆఫర్లు వదిలేసుకుంది.

విశాఖలో ఇన్ఫోసిస్ ఆఫీసు 2023 అక్టోబరులో మొదలైంది. టీసీఎస్‌కు ఋషికొండ ఐటీ హిల్ మీద 21.16 ఎకరాలు 99 పైసలకు కేటాయించారు. ఈ వార్తలు చదివి "విశాఖలోనే వేస్తారు కదా" అని చాలామంది అడుగుతున్నారు. ఫ్రెషర్‌కు పోస్టింగ్ ఎక్కడో కంపెనీయే చెబుతుంది. చెన్నై, పుణె, బెంగళూరు దేనికైనా సిద్ధపడే ఈ ఆఫర్ తీసుకోండి.

రెండు: పని క్లయింట్ దగ్గర, జీతం స్టాఫింగ్ కంపెనీ నుంచి

నేను చేసింది ఇది. మీలో ఎక్కువమంది చేరబోయేది కూడా ఇదే.

మొదటిరోజు హైదరాబాదులో ఆ పెద్ద గాజు బిల్డింగు చూసి ఫొటో తీసి ఇంటికి పంపాను. తర్వాత బ్యాడ్జి ఇచ్చారు. నా పక్కనున్న అమ్మాయి మెడలో నీలం రంగు ట్యాగ్, నాది పసుపు. మెయిల్ ఐడీలో నా పేరు ముందు బయటి మనిషి అని తెలిసేలా మూడక్షరాలు. ఇద్దరం చేసే పని ఒకటే: వచ్చిన టికెట్ (సిస్టమ్ మీద వచ్చిన ఫిర్యాదు) తెరవాలి, లాగ్ (సిస్టమ్ రాసుకున్న రికార్డు) చూడాలి, మనకు తెలిస్తే సరిచేయాలి, తెలియకపోతే పై టీమ్‌కు పంపాలి. కానీ శుక్రవారం టీమ్ లంచ్‌కు, ఏడాది చివరి బోనస్‌కు, కంపెనీ పెట్టే కోర్సులకు పసుపు ట్యాగ్ పనికిరాదు. మనసు కొంచెం చివుక్కుమంటుంది. ఇది ముందే తెలిసి వెళ్తే అంత నొప్పి ఉండదు.

మంచి విషయం కూడా అంతే నిజాయితీగా చెప్పాలి. మూడో నెలకే నేను లక్షలమంది వాడే సిస్టమ్ మీద రాత్రి రెండు గంటలకు ఒంటరిగా సమస్య సరిచేశాను. అమీర్‌పేటలో ఏ కోర్సు తీసుకున్నా అది రాదు. నా తర్వాతి ఉద్యోగం ఇంటర్వ్యూలో అడిగిన ప్రశ్నలన్నీ ఆ టికెట్ల గురించే.

ఇక ఏడాదిన్నరకు జరిగింది చెబుతాను. బుధవారం మధ్యాహ్నం భోంచేసి వచ్చి కూర్చున్నాను. టీమ్ లీడ్ పిలిచి, బడ్జెట్ తగ్గించారు, శుక్రవారం మీ ఆఖరి రోజు అన్నారు. ఆయన మొహం చూస్తే ఆయనకూ బాధగానే ఉంది. మా వెండర్‌కు ఫోన్ చేస్తే, "వేరే క్లయింట్‌ను చూస్తున్నాం, అప్పటిదాకా లాస్ ఆఫ్ పే" అన్నారు. ఆఫర్ లెటర్ తీసి మొదటిసారి మొత్తం చదివాను. నాలుగో పేజీలో ఆ ముక్క ఉంది, నా సంతకం దాని కిందే ఉంది. 47 రోజులు జీతం లేదు. హాస్టల్‌కు నెలకు 6,500. అమ్మ చిట్టీ పాడి పంపింది. పోనీ వేరే ఉద్యోగం చూసుకుందామంటే నోటీస్ 60 రోజులు. వాళ్లు నన్ను రెండు రోజుల్లో ఆపగలరు, నేను వెళ్లాలంటే రెండు నెలలు ఆగాలి.

అందుకే ఈ రకం ఆఫర్‌లో నాలుగు వాక్యాలు వెతకమంటాను. క్లయింట్ రిలీజ్ చేస్తే (పని నుంచి తప్పిస్తే) జీతం ఎన్ని రోజులు వస్తుంది. నోటీస్ రెండు వైపులా ఒకటేనా. మీరు పర్మనెంటా, ఫిక్స్‌డ్ టర్మా (గడువు పెట్టిన ఉద్యోగమా). మధ్యలో ఇంకో వెండర్ ఉన్నాడా. నేను సంతకం పెట్టిన రోజు మొదటి వాక్యం తెలిసి ఉంటే, జీతంలోంచి నెలకు రెండు వేలైనా పక్కన పెట్టుకునేదాన్ని.

"ఆరు నెలలకు క్లయింట్ రోల్స్‌లోకి తీసుకుంటారు" అని చెబుతారు. కాంట్రాక్ట్ టు హైర్ అంటారు దీన్ని. నిజంగా తీసుకునేవాళ్లు ఉన్నారు. కానీ నోటిమాటకు విలువ లేదు. హెచ్‌ఆర్‌ను కాదు, అదే టీమ్‌లో పనిచేస్తున్న కాంట్రాక్టు మనిషిని లింక్డిన్‌లో పట్టుకుని, పోయిన ఏడాది ఎంతమందిని తీసుకున్నారో అడగండి. మన జిల్లా వాళ్లు ఎవరో ఒకరు దొరుకుతారు, మన ఊరి పేరు చెబితే దాచకుండా చెబుతారు.

చట్టం గురించి రెండు ముక్కలు. కాంట్రాక్టరు జీతం ఎగ్గొడితే పని చేయించుకున్న అసలు యజమాని కట్టాలన్న నియమం 1970 కాంట్రాక్టు లేబర్ చట్టంలోనే ఉంది, దాని స్థానంలో వచ్చిన కొత్త లేబర్ కోడ్ (కార్మిక చట్టం)లోనూ ఉంది. 2025 నవంబర్ 21 నుంచి నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. వాటి ప్రకారం నియామక పత్రం ఇవ్వడం తప్పనిసరి, నెల జీతం తర్వాతి నెల 7లోపు పడాలి, ఉద్యోగం మానేసినా తీసేసినా రావాల్సిన జీతం రెండు పనిదినాల్లో ఇవ్వాలి. ఫిక్స్‌డ్ టర్మ్ మీద ఉన్నవాళ్లకు గ్రాట్యుటీకి ఐదేళ్లు ఆగక్కర్లేదు, ఏడాది చాలు. హెచ్‌ఆర్‌తో మాట్లాడేటప్పుడు ఇవి తెలిసి మాట్లాడితే గొంతులో తేడా ఉంటుంది.

మూడు: విశాఖలో చిన్న కంపెనీ

మధురవాడ, ఋషికొండ, సిరిపురం, ద్వారకానగర్ వైపు ముప్ఫై నలభై మందితో నడిచే కంపెనీలు. బయటి దేశం క్లయింట్ నుంచో, హైదరాబాదు కంపెనీ నుంచో పని తెచ్చుకుని చేస్తాయి. జీతం 10, 15 వేల దగ్గర మొదలవుతుంది, మొదటి మూడు నెలలు ఇంకా తక్కువ ఇచ్చేవీ ఉన్నాయి.

విజయనగరం వాళ్లకు ఇందులో ఒక లాభం ఉంది, దాన్ని తక్కువ చేయొద్దు. విశాఖ బస్సు ఆనందపురం మీదుగా కొమ్మాది, మధురవాడ దాటాకే సిటీలోకి వెళ్తుంది. అంటే సిటీ ట్రాఫిక్‌లో పడకుండానే ఆఫీసు దగ్గర దిగిపోవచ్చు. పొద్దున్న అమ్మ కట్టిన క్యారేజీతో వెళ్లి రాత్రి ఇంటికొచ్చే 14 వేలు, హైదరాబాదు హాస్టల్లో ఉండే 20 వేల కన్నా చేతిలో ఎక్కువ మిగులుస్తాయి. శ్రీకాకుళం వాళ్లకు ఇది కుదరదు. రోజూ రెండు గంటలు వెళ్లడం, రెండు గంటలు రావడం ఒక నెల చేయగలరు, ఏడాది చేయలేరు. మధురవాడలో రూమ్ తీసుకుని శనివారం ఇంటికి రావాలి.

పని మాటకొస్తే ఇక్కడ నలుగురి పని మీరొక్కరే చేస్తారు. క్లయింట్‌తో మాట్లాడేదీ మీరే, కోడ్ రాసేదీ మీరే, సర్వర్ పడిపోతే లేపేదీ మీరే. నేర్చుకోవాలన్న ఆకలి ఉన్నవాళ్లకు దీన్ని మించిన చోటు లేదు. నేర్పించేవాడు ఒక్కడైనా ఉండాలి, అంతే. ఇంటర్వ్యూకు వెళ్లినప్పుడు, నా కోడ్ ఎవరు చూస్తారు, ఆయనకు ఎన్నేళ్ల అనుభవం అని అడగండి. జవాబు తడబడితే లేచి వచ్చేయండి.

చూసుకోవాల్సినవి: క్లయింట్ డబ్బు ఆగితే ఇక్కడ జీతమూ ఆగుతుంది. ఆఫీసులో పనిచేస్తున్న వాళ్లను కింద టీ కొట్టు దగ్గర అడగండి, పోయిన నెల జీతం ఏ తారీకున పడిందని. 20 మంది కన్నా తక్కువ ఉన్న సంస్థ పీఎఫ్‌లో నమోదు కావాలని చట్టం బలవంతం చేయదు, ఈఎస్‌ఐకి ఆ హద్దు 10 మంది. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇమ్మంటే మాత్రం ఇవ్వకండి. చూపించండి, జిరాక్సు ఇవ్వండి, ఒరిజినల్ బ్యాగులో పెట్టుకుని ఇంటికి రండి. మా బ్యాచ్‌లో ఒకతను టెన్త్ మెమో నుంచి డిగ్రీ ప్రొవిజనల్ సర్టిఫికెట్ దాకా ఇచ్చేసి, మానేశాక వాటి కోసం ఎనిమిది నెలలు తిరిగాడు.

బాండు సంగతి, అంటే ఇన్నాళ్లలోపు మానేస్తే ఇంత కట్టాలన్న ఒప్పందం. బాండు చెల్లదులే అని సీనియర్లు చెప్పింది విని సంతకం పెట్టేస్తున్నారు. 2025 మేలో సుప్రీంకోర్టు విజయా బ్యాంకు కేసులో, మూడేళ్లలోపు మానేస్తే 2 లక్షలు కట్టాలన్న షరతు చెల్లుతుందని చెప్పింది. అది ప్రభుత్వ బ్యాంకు, నియామకానికి పెట్టిన ఖర్చుంది, కోర్టు అవన్నీ చూసింది. ప్రతి చిన్న కంపెనీ బాండూ అలాగే నిలబడుతుందని కాదు. కానీ బాండు ఉత్త కాగితం అనుకుని సంతకం పెట్టే రోజులు కావివి. ఎంత మొత్తం, ఎన్ని నెలలు, ఏ ట్రైనింగుకు అన్నది రాసి ఉందో లేదో చూడండి. ఖాళీ చెక్కు అడిగితే ఆ కంపెనీ వద్దు.

నాలుగు: జిల్లాలోనే ప్రభుత్వ ఆఫీసులో అవుట్‌సోర్సింగ్

కలెక్టరేట్, ఆసుపత్రులు, యూనివర్సిటీ ఆఫీసుల్లో డేటా ఎంట్రీ ఆపరేటర్ లాంటివి. ఈ జీతాలు నేరుగా చెల్లించడానికి రాష్ట్రంలో 2020లో ఆప్కాస్ అనే ప్రభుత్వ కార్పొరేషన్ మొదలైంది. ఇంటి తిండి, ఊళ్లో గౌరవం, సాయంత్రం టైము. గ్రూప్స్‌కో బ్యాంకు పరీక్షలకో చదువుతున్నవాళ్లకు, అమ్మానాన్నల ఆరోగ్యం బాగాలేక కదల్లేనివాళ్లకు ఇది సరైన చోటు. ఐటీలో ఎదగాలనుకునేవాళ్లకు కాదు. మూడేళ్ల ఎంట్రీ పని చూపించి సాఫ్ట్‌వేర్ ఇంటర్వ్యూకు వెళ్తే మళ్లీ ఫ్రెషర్ లాగే చూస్తారు. పోస్టు ఇప్పిస్తామని లక్షలు అడిగే మధ్యవర్తులకు రూపాయి ఇవ్వొద్దు.

దీని పక్కనే అప్రెంటిస్‌షిప్ కూడా గుర్తుపెట్టుకోండి. కేంద్రం నడిపే నాట్స్ (జాతీయ అప్రెంటిస్‌షిప్ పథకం) పోర్టల్‌లో పేరు నమోదు చేసుకుంటే ఏడాది పాటు స్టైపెండుతో పని నేర్చుకోవచ్చు. అది ఉద్యోగం కాదు కాబట్టి పీఎఫ్ ఉండదు. చివర్లో ఇచ్చే సర్టిఫికెట్‌కు మాత్రం విలువ ఉంది.

బ్యాక్‌డోర్ అనేది ఆప్షన్ కాదు

లక్షన్నర, రెండు లక్షలు కడితే మూడేళ్ల ఎక్స్‌పీరియన్స్ పెట్టి పెద్ద కంపెనీలో వేయిస్తాం అనేవాళ్ల గురించి. దీన్ని పట్టికలో కూడా పెట్టలేదు. ఇప్పుడు కంపెనీలు బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో మీ యూఏఎన్ (పీఎఫ్ ఖాతాల ఒకే నంబరు) మీదున్న పీఎఫ్ చరిత్ర అడుగుతాయి, ఆదాయపు పన్ను శాఖ దగ్గరున్న మీ టీడీఎస్ రికార్డు అడుగుతాయి. ఏ నెల ఎవరు జమ చేశారో అందులో ఉంటుంది. దొరికిపోతే ఉద్యోగం పోవడంతో ఆగదు, ఆ కంపెనీ తలుపు మళ్లీ తెరుచుకోదు. జీడితోట తాకట్టు పెట్టి కట్టిన ఒక కుటుంబం నాకు తెలుసు. కొడుకు నాలుగో నెల ఇంటికొచ్చేశాడు, అప్పు ఇంకా ఉంది.

మీరు ఎవరైతే, ఏది

ఇంట్లో అప్పు ఉండి, వచ్చే నెల నుంచే జీతం కావాలంటే: స్టాఫింగ్ కంపెనీ పేరోల్. సందేహం అక్కర్లేదు. కానీ మొదటి జీతం నుంచే హాస్టల్, తిండికి రెండు నెలలకు సరిపడా డబ్బు పక్కన పెట్టడం మొదలుపెట్టండి. అది పూర్తయ్యేదాకా ఫోన్ మార్చొద్దు. పద్దెనిమిది నెలలు దాటకుండా బయటికి దరఖాస్తులు పెట్టండి. రెండేళ్లు ఒకే రకం టికెట్లు చేస్తే చెయ్యి అక్కడే ఆగిపోతుంది.

ఆరు నెలలు ఆగగలిగితే: పెద్ద కంపెనీ ఆఫర్ ఉంటే పట్టుకోండి, జాయినింగ్ వచ్చేలోగా ఖాళీగా ఉండకుండా విశాఖలో బాండు లేని చిన్న కంపెనీలో చేరండి. జాయినింగ్ మెయిల్ వస్తుందని వాళ్లకు ముందే చెప్పండి. ఒప్పుకునేవాళ్లు ఉన్నారు. దాచిపెట్టి చేరితే తర్వాత రిలీవింగ్ లెటర్ (ఉద్యోగం వదిలినట్టు ఇచ్చే పత్రం) దగ్గర చిక్కు వస్తుంది.

బీఎస్సీ, బీకాం, బీసీఏ చేసినవాళ్లు: ఇంజినీరింగ్ కాదని బెంగపడకండి. విప్రో విల్ప్, టీసీఎస్ బీపీఎస్ లాంటి నియామకాలు మీ కోసమే పెట్టినవి. స్టాఫింగ్ కంపెనీల్లో సపోర్ట్ ఉద్యోగాలకు కూడా డిగ్రీ చాలు, ఇంగ్లీషులో ఒక సమస్యను నాలుగు వాక్యాల్లో స్పష్టంగా రాయడం రావాలి. రోజుకో పాత టికెట్ లాంటి సమస్య తీసుకుని రాసి ప్రాక్టీసు చేయండి.

అమ్మాయిలకు: రాత్రి షిఫ్టు ఉంటే క్యాబ్ కాంట్రాక్టు వాళ్లకు కూడా ఉందా అని విడిగా అడగండి. "కంపెనీలో క్యాబ్ ఉంది" అన్నది జవాబు కాదు. నేను మొదటి రెండు నెలలు రాత్రి పదకొండుకు షేర్ ఆటోలో వెళ్లాను, ఇంట్లో చెప్పలేదు. మీరు చెప్పండి, అడగండి, మెయిల్‌లో తెప్పించుకోండి. రాత్రి పనికి మీ ఒప్పుకోలు తీసుకోవాలని, రానుపోను ఏర్పాటు చేయాలని నియమాలున్నాయి.

ఇల్లు వదలలేనివాళ్లలో విజయనగరం వాళ్లు మధురవాడ చూడండి. శ్రీకాకుళం వాళ్లకు జిల్లాలోని అవుట్‌సోర్సింగో, పూర్తిగా ఇంటి నుంచి చేసే సపోర్ట్ ఉద్యోగమో మిగులుతుంది. రెండోది దొరికితే ఇంట్లో కరెంటు పోయినా రెండు గంటలు ఇంటర్నెట్ ఆగకుండా ముందే ఏర్పాటు చేసుకోండి. షిఫ్టు మధ్యలో రెండుసార్లు మాయమైతే మూడోసారి పిలవరు.

సంతకానికి ముందు పంపాల్సిన మెయిల్

ఫోన్లో అడిగితే ఫోన్లోనే చెబుతారు, తర్వాత ఎవరూ గుర్తుంచుకోరు. అందుకే మెయిల్. మర్యాదగా, చిన్నగా, ఈ ఆరు అడగండి: నెలకు చేతికి వచ్చే జీతం ఎంత. పీఎఫ్, ఈఎస్‌ఐ మొదటి నెల నుంచేనా. క్లయింట్ రిలీజ్ చేస్తే జీతం ఎన్ని రోజులు. నోటీస్ ఇరువైపులా ఎంత. బాండు ఉంటే మొత్తం, గడువు ఎంత. నా జీతానికి, క్లయింట్‌కు మధ్య ఎన్ని కంపెనీలున్నాయి. ఇలా అడిగినందుకు ఆఫర్ వెనక్కి తీసుకున్న మంచి కంపెనీని నేను ఇంతవరకు చూడలేదు.

చేరాక మూడో నెల 16వ తేదీ తర్వాత పీఎఫ్ పాస్‌బుక్ తెరవండి. నెల జీతానికి సంబంధించిన పీఎఫ్ తర్వాతి నెల 15లోపు కట్టాలి, కాబట్టి అప్పటికి రెండు నెలల జమ కనిపించాలి. స్లిప్‌లో కోసి పాస్‌బుక్‌లో లేకపోతే ఆ రోజే హెచ్‌ఆర్‌కు మెయిల్ పెట్టండి, వారంలో జవాబు రాకపోతే ఈపీఎఫ్‌ఓ (పీఎఫ్ చూసే కేంద్ర సంస్థ) ఫిర్యాదుల పోర్టల్‌లో వేయండి. ఆఫర్ లెటర్, ప్రతి నెల స్లిప్ మీ సొంత మెయిల్‌కు పంపుకుని పెట్టుకోండి. నాకు బుధవారం చెప్పి శుక్రవారం లాప్‌టాప్ తీసుకున్నప్పుడు, నా పద్దెనిమిది స్లిప్పుల్లో పదకొండు ఆ లాప్‌టాప్‌లోనే ఉండిపోయాయి.